కృపానందం రుమాలు తీస్తే

"రెండు రుమాళ్ళు పెట్టానండి. మీకు ఒకటి చాలదు" అంది మరియమ్మ, ఇస్త్రీ మడత నలగకుండా భర్త జేబులో దూరుస్తూ.

శనివారం పొద్దున కృపానందం తలపెట్టిన పని ఒక్కటే. సాయంత్రం మియాపూర్ అవతలి మైదానంలో జరిగే ఫుట్‌బాల్ మ్యాచికి జనాన్ని తీసుకెళ్ళాలి, వాళ్ళచేత అరిపించాలి, ఏ గొడవా లేకుండా వెనక్కి తీసుకురావాలి. వినడానికి సులువుగానే ఉంది. కానీ కృపానందానికి అప్పటికే చెమట పట్టింది. ఆయనకు కంగారు పుడితే ముందు చెమట వస్తుంది, తర్వాత మాట వస్తుంది. పెళ్ళిలో ప్రమాణం చెప్పేటప్పుడు పట్టిన చెమట చూసి, పాస్టరు గారు తనకు పెట్టిన ఫ్యానుని పెళ్ళికొడుకు వైపు తిప్పించారని బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"రేపటి కృతజ్ఞత కూడికకి షామియానా వాడు పొద్దున్నే వస్తానన్నాడు. మీ ఆఫీసు వాళ్ళని కూడా పిలవండి. సాయం చేసినవాళ్ళని మరిచిపోకూడదు" అంది మరియమ్మ.

కృపానందం "అలాగే" అన్నాడు. ఇంకేం అంటాడు? గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో, మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ ఆఫీసరుగా చేరాడు. ప్రొబేషన్ ఒకసారి పొడిగించారు, మరోసారి పొడిగించారు. మొన్న ఎండీ యజ్ఞనారాయణ గారు పిలిచి, "మీ ఉద్యోగం పర్మనెంట్ అయిపోయిందనుకోండి, శనివారం మ్యాచ్ స్మూత్‌గా జరిగితే" అన్నారు. కృపానందం ఇంటికొచ్చి అందులో మొదటి సగం చెప్పాడు. రెండో సగం చెప్పేలోపు మరియమ్మ మోకరించింది. లేచేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. అటునుంచి అటే పాస్టరు గారికి ఫోను చేసి, ఆదివారం సాయంత్రం కృతజ్ఞత కూడిక అని చెప్పేసింది. ఇప్పుడు రెండో సగం బయటపెట్టాలంటే షామియానా వాడితో మొదలుపెట్టి సంఘంలో అందరికీ చెప్పుకోవాలి. కాబట్టి మ్యాచి సజావుగా జరిగి తీరాలి.

ఆ మ్యాచి కథ ఇది. ఇంగ్లండు నుంచి క్లిఫర్డ్ అనే దొర కాంట్రాక్టు సంతకం చెయ్యడానికి వచ్చాడు. మూడో అంతస్తు కంపెనీకి, ఐదో అంతస్తు కంపెనీకి మధ్య ఆట పెట్టించింది యజ్ఞనారాయణ గారే.

"చూడండి కృపానందం గారూ, క్లిఫర్డ్‌కి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కానీ ఐదేళ్ళుగా స్టేడియం గడప తొక్కలేదట. ఏమండీ అంటే 'గొడవలు' అని ఊరుకున్నాడు. వాళ్ళ ఫ్యాన్స్ సంగతి పేపర్లో చూస్తున్నాం కదా. రైళ్ళలో సీట్లు చింపుతారు, సీసాలు విసురుతారు, పొరుగు ఊరికి ఆటకి వెళ్తే ఆ ఊరు పీకి పందిరేస్తారు. పాపం, విసిగిపోయి ఉంటాడు. మన సపోర్టర్స్ ఎంత డీసెంటో ఆయనకి చూపించాలి. గ్రౌండ్ ఫుల్‌గా ఉండాలి, సౌండ్ ఉండాలి, న్యూసెన్స్ ఉండకూడదు."

అయితే ఆ కంపెనీలో సపోర్టర్లు ఎక్కడున్నారు? రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయట. వాటికి తేదీలు నేర్పే హడావిడిలో కంపెనీ మొత్తం ఆదివారాలు మరిచిపోయింది. ఆడటానికి పదకొండు మందిని వదలడమే గగనమైంది. ఆ పదకొండు మందిలోనూ బంతిని ఇంతకుముందు చూసినవాడు గోల్‌కీపర్ కిరణ్ పాల్ ఒక్కడే. ఎండీ గారు కూడా బహుమతులిచ్చే వేళకు వస్తానన్నారు.

అందుకని కృపానందం రామన్నను పిలిపించాడు. రామన్నది గోపన్‌పల్లి. మామూలు రోజుల్లో ఆ భవనం చుట్టుపక్కల పనులకు కూలీలను తెచ్చే మేస్త్రీ. ఎన్నికలొస్తే మీటింగులకు మందిని తెస్తాడు. ఏ పార్టీ వాళ్ళు పిలిచినా వెళ్తాడు, ఎవరినీ చిన్నబుచ్చడు. ఆ యేడాది ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి రామన్న దొరకడమే గొప్ప.

"ఎవరి మీటింగు సార్?" అని అడిగాడు రామన్న.

"మీటింగు కాదయ్యా, ఫుట్‌బాల్ మ్యాచి."

"ఏదైతేంది తియ్యి. జిందాబాద్ ఎవరికి, డౌన్ డౌన్ ఎవరికి? గది చెప్పుండ్రి చాలు."

"జిందాబాద్ మూడో అంతస్తుకి. డౌన్ డౌన్ ఎవరికీ వద్దు."

రామన్న ముఖం చిన్నబోయింది. "గట్లెట్ల సార్? ఉత్త జిందాబాద్‌తోని మంది నిద్రపోతరు. ఒక్క డౌన్ డౌన్ అన్న ఉండాలె."

కాసేపు బేరమాడి, మరీ అవసరమైతే తప్ప వాడకూడదనే షరతు మీద ఒక డౌన్ డౌన్‌కి కృపానందం ఒప్పుకున్నాడు. "ఇంతకీ మీవాళ్ళకి ఆట తెలుసా? ఎప్పుడు అరవాలో ఎలా తెలుస్తుంది?"

"మావోళ్ళు ఆట చూడరు సార్, నా తువ్వాల చూస్తరు. నేను మిమ్ముల చూస్త. మీరు ఆట చూడుండ్రి."

ఏర్పాటు బాగానే ఉంది. తనకూ ఆట తెలియదన్న సంగతి కృపానందం బయటపెట్టలేదు. ఇద్దరూ కూర్చుని సైగలు ఖాయం చేసుకున్నారు. కృపానందం కుడి చేత్తో రుమాలు తీస్తే జిందాబాద్. ఎడమ చేత్తో తీస్తే డౌన్ డౌన్.

"రుమాల లేకపోతే?"

"కిక్కురుమనకుండా వరసల్లో కూర్చోవాలి. ఎవరొచ్చి లేపినా లేవకూడదు."

"ఎవరొచ్చినా?"

"ఎండీ గారొచ్చినా సరే" అన్నాడు కృపానందం గట్టిగా.

మధ్యాహ్నం గోపన్‌పల్లిలో లారీ నిండింది. విదేశాల్లో అభిమానులు దారి పొడుగునా చేసే అల్లరి గురించి పేపర్లో చదివినదంతా కృపానందానికి గుర్తుంది. అందుకే డ్రైవరు పక్కన కూర్చోకుండా తనూ వెనకే ఎక్కి, లారీ అంచు పట్టుకుని నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. దారిలో కేకలు వెయ్యకూడదు. పక్క బండ్ల మీద ఏమీ విసరకూడదు. కల్లు దుకాణం కనబడితే తల తిప్పుకోవాలి. అవతలి జట్టు మనుషుల్ని ఒక్క మాట అనకూడదు.

జనం బుద్ధిగా విన్నారు. ముందు వరసలో కూర్చున్న బుచ్చమ్మ ఆకు నములుతూ, "మంచిగ మాట్లాడిండు బిడ్డ. ఏ గుర్తు మీద నిలబడ్డవు?" అని అడిగింది.

"నేను నిలబడలేదమ్మా. మనం ఆటకి వెళ్తున్నాం."

"గట్లనా? గింత మంచిగ మాట్లాడి నిలబడకపోతివి" అని ఆమె జాలిపడింది.

చందానగర్ దాకా ప్రయాణం గుడికో చర్చికో పోతున్నంత ప్రశాంతంగా సాగింది. అక్కడ ఒక పార్టీ వాళ్ళ లారీలు రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి. మైకు మోగుతోంది, పొట్లాలు పంచుతున్నారు. మైకు చప్పుడు చెవిన పడగానే రామన్న మందికి కాళ్ళు ఆగలేదు. పాపం అది వాళ్ళ తప్పు కాదు, అలవాటు. కృపానందం "ఆగండి, ఆగండి" అంటూనే ఉన్నాడు. సగం లారీ ఖాళీ అయింది. రామన్న కిందికి దూకి, అవతలి మేస్త్రీతో ఏదో మాట్లాడి, కాసేపటికి తాపీగా తిరిగొచ్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మనోళ్ళు కొందరు ఆళ్ళ లారీ ఎక్కిండ్రు. ఆళ్ళోళ్ళు అంతకంటె ఎక్కువ మంది మన లారీ ఎక్కిండ్రు. మనకే లాభం."

"వాళ్ళకి మన సైగలు తెలియవు కదయ్యా!"

"తువ్వాల చూసుడు అందరికి ఎర్కే సార్."

కొత్తగా ఎక్కినవాళ్ళతో పాటు నిలువెత్తు గడ్డి బొమ్మ కూడా లారీలోకి వచ్చింది. దానికి తల, చేతులు ఉన్నాయి గానీ బట్టలు లేవు. ఇదేమిటని కృపానందం అడిగితే, బొమ్మను పట్టుకున్న మనిషి, "దిష్టిబొమ్మ సార్. ఇంక అంగి తొడగలే. ఎవనిదో ఆడికి పోయినంక చెప్తమన్నరు" అన్నాడు. మైదానంలో దాన్ని లారీ దించకూడదని కృపానందం రామన్న చేత ఒట్టు వేయించుకున్నాడు. రామన్న వేశాడు. కొత్తవాళ్ళు వెయ్యలేదు, వాళ్ళనెవరూ అడగలేదు కూడా.

మైదానంలో అన్నీ అనుకున్నట్టే అమిరాయి. రామన్న మంది అటువైపు గట్టు మీద వరసల్లో కూర్చున్నారు. వాళ్ళ ముందు తువ్వాలు భుజాన వేసుకుని రామన్న నిలబడ్డాడు. ఇటువైపు కుర్చీలో క్లిఫర్డ్. నల్ల కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "కాస్త చూస్తుండండి, జేబులో పాస్‌పోర్టు ఉంది" అని ఇంగ్లీషులో చెప్పాడు. మనిషి నెమ్మదస్తుడు. టీ కప్పు మోకాలి మీద పెట్టుకుని, చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఆగస్టు నెల, వాన మొహం చాటేసింది, ఎండ మండిపోతోంది. దొరగారి మెడ ఎర్రబడటం చూసి కృపానందం గొడుగు తెరిచి ఆయన నెత్తిన పట్టాడు. గొడుగు బరువుది కావడంతో కుడి చేత్తో పట్టాడు.

రెఫరీ పేరు యాదయ్య. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు. నల్ల చొక్కా, నల్ల నిక్కరు, మెడలో ఈల. జీవితంలో ఎవరూ ఎదురు చెప్పని మనిషి. ఆయన ఈల వేశాడు, ఆట మొదలైంది. కాసేపటికే ఐదో అంతస్తు వాడొకడు మనవాడి కాలికి కాలు అడ్డం పెట్టాడు. యాదయ్య ఈల వేసి మనవాళ్ళకే బంతి ఇప్పించాడు. అంతా మంచికే జరుగుతోందని కృపానందం ఊపిరి పీల్చుకుని, నుదురు తుడుచుకున్నాడు. కుడి చేతిలో గొడుగుంది కదా, ఎడమ చేత్తో తుడుచుకున్నాడు.

గట్టు మీద తువ్వాలు లేచింది.

"నల్లంగీ!" అని రామన్న గొంతెత్తాడు.

"డౌన్ డౌన్!" అని మంది మారుమోగించారు.

యాదయ్య అటు తిరిగి చూశాడు. తమ జట్టుకే న్యాయం చేస్తే తిట్టే జనాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. క్లిఫర్డ్ కూడా టీ కప్పు పక్కన పెట్టి, "వాళ్ళెవరు?" అని అడిగాడు. "మా సపోర్టర్లండి. అంటే... చాలా మంచివాళ్ళండి" అన్నాడు కృపానందం. అలా అనేసరికి చెమట ధారగా కారింది. తుడుచుకున్నాడు.

"నల్లంగీ, డౌన్ డౌన్! నల్లంగీ, డౌన్ డౌన్!"

అప్పుడు కృపానందానికి వెలిగింది. గొడుగు ఎడమ చేతికి మార్చుకుని, రుమాలు కుడి చేతిలోకి తీసుకుని, ముఖం మీద అద్దుకున్నాడు. సరిగ్గా ఆ క్షణాన ఐదో అంతస్తు వాళ్ళు గోల్ కొట్టారు. గట్టు మీది నుంచి "మూడో అంతస్తు జిందాబాద్!" అని ఆకాశం అదిరేటట్టు కేక లేచింది. బంతిని వలలోంచి తీస్తున్న కిరణ్ పాల్ గట్టు వైపు చూసి, తర్వాత కృపానందం వైపు చూసి, "సార్, వీళ్ళు మనోళ్ళా, ఆళ్ళోళ్ళా?" అని అరిచాడు.

ఇక తుడుచుకోకూడదని కృపానందం ఒట్టు పెట్టుకున్నాడు. చెమట కళ్ళలోకి దిగింది, మండింది. ఆట మధ్యలో విరామం రాగానే వెళ్ళి రామన్నతో సైగలు రద్దు చేద్దామని రెండడుగులు వేశాడో లేదో, క్లిఫర్డ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వీళ్ళకి ఎవరు నేర్పారు? ఎన్నాళ్ళు నేర్పారు?" అని గుచ్చి గుచ్చి అడిగాడు.

ఆయన కళ్ళలో ఏదో మెరుపు. కోపమే అనుకున్నాడు కృపానందం. రేపటి షామియానా, కుర్చీలు, పాస్టరు గారు వరసగా కళ్ళ ముందు తిరిగారు. "క్షమించండి సార్, ఇంకోసారి జరగదు" అని గొణిగాడు. గొడుగు మళ్ళీ కుడి చేతికి ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. నుదురు తుడుచుకున్న సంగతి కూడా కేక వినబడ్డాకే తెలిసింది. ఆట ఆగి ఉన్నా డౌన్ డౌన్ ఆగలేదు.

యాదయ్య ఈసారి నేరుగా వచ్చాడు. "ఏందయ్యా ఇది? ముప్పై ఏండ్ల సంది ఈల ఊదుతున్న. నీళ్ళు తాగుతుంటె కూడ డౌన్ డౌన్ అంటరా? నేనేం జేసిన?"

"మిమ్మల్ని కాదండి మాస్టారూ..."

"ఈడ నల్లంగి నాదొక్కటే ఉంది!"

రెండో భాగం మొదలైంది. బంతి వెంట క్లిఫర్డ్ కళ్ళు పోతున్నాయి, కళ్ళ వెంట మెడ పోతోంది, కాసేపటికి మనిషే లేచి తాడు దగ్గరికి పోయాడు. గొడుగు పట్టుకుని కృపానందం వెనకే పోయాడు. కుర్చీ, కుర్చీకున్న కోటు అక్కడే ఉండిపోయాయి.

ఇన్నిసార్లు డౌన్ డౌన్ అన్నాక తర్వాత జరగవలసింది ఏమిటో చందానగర్‌లో ఎక్కినవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. వాళ్ళకు అది రోజూ చేసే పనే. ఇద్దరు వెళ్ళి లారీలోంచి గడ్డి బొమ్మను దించారు. నల్లంగి అన్నారు కాబట్టి నల్ల బట్ట కావాలి. చుట్టూ చూశారు. కుర్చీకి ఒకటి వేలాడుతోంది, దాని యజమాని దగ్గర్లో లేడు. తొడిగి చూస్తే కుట్టించినట్టు సరిపోయింది. బొమ్మను మైదానం మూల నిలబెట్టి అగ్గిపుల్ల గీశారు. జేబులో చెమటకి అగ్గిపెట్టె చెమ్మగిల్లి అంటుకోలేదు.

ఆ మూలకు అందరికంటే దగ్గరగా ఉన్నది క్లిఫర్డ్. వాళ్ళ అవస్థ చూసి ఆయన నడుచుకుంటూ వెళ్ళాడు. ప్యాంటు జేబులోంచి లైటరు తీసి, తానే స్వయంగా వెలిగించి, బొమ్మ కాళ్ళకు అంటించాడు. వెనక్కి జరిగి, తృప్తిగా చూశాడు. బొమ్మ ఎవరి కోటు వేసుకుందో ఆయన చూడలేదు. కృపానందం చూశాడు.

అందులో పాస్‌పోర్టు ఉంది. కృపానందం గొడుగు పారేశాడు. "ఆపండి! ఆపండి!" అంటూ రెండు చేతులూ ఊపుకుంటూ మైదానానికి అడ్డంగా పరుగెత్తాడు. ఒక చేతిలో ఒక రుమాలు, ఇంకో చేతిలో ఇంకొకటి. మరియమ్మ పెట్టిన రెండూ ఒకేసారి బయటికి వచ్చాయి.

రామన్న తన జీవితంలో ఇలాంటి సైగ చూడలేదు. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. తువ్వాలును తల మీద గిరగిర తిప్పాడు. జిందాబాదులు, డౌన్ డౌన్‌లు కలగలిసి పోటెత్తాయి. మంది మొత్తం గట్టు దిగి మైదానంలోకి వచ్చారు. ఆ హోరు వినేసరికి క్లిఫర్డ్‌లో ఐదేళ్ళుగా బిగబట్టుకున్నదేదో తెగిపోయింది. చొక్కా విప్పి గాలిలో తిప్పాడు. మూలనున్న జెండా పీకాడు. తాడు దూకి, అడ్డొచ్చిన యాదయ్యను ఎత్తి ముద్దు పెట్టుకుని కింద దించి, గోల్ పోస్టు పట్టుకుని పైకి పాకాడు. అడ్డకమ్మీ మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, వాళ్ళ భాషలో పెద్ద గొంతుతో పాట ఎత్తుకున్నాడు. కింద కిరణ్ పాల్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

కృపానందం ఇవేవీ చూడలేదు. బొమ్మ మీద పడి, మట్టి పోసి, రుమాళ్ళతో కొట్టి మంట ఆర్పాడు. కోటు అంచు కాలింది గానీ జేబు దక్కింది. పాస్‌పోర్టును గుండెకు అదుముకుని అక్కడే కూలబడ్డాడు. రుమాళ్ళు రెండూ బూడిదైపోయాయి.

రామన్న చూశాడు. సార్ చేతిలో రుమాలు లేదు. తువ్వాలు దించేశాడు. మంది ఎక్కడివాళ్ళు అక్కడే, మైదానం మధ్యలోనే, వరసల్లో చతికిలపడి నోళ్ళు మూసుకున్నారు.

ఎన్నికల బందోబస్తుకు తిరుగుతున్న ఎస్సై నరేందర్ జీపు సరిగ్గా అప్పుడు వచ్చింది. అల్లరి మూక మైదానంలో పడిందని దారిన పోయేవాళ్ళు చెబితే లాఠీలతో పరుగున వచ్చారు. చూస్తే బడి పిల్లల్లా కూర్చున్న జనం. చీమ చిటుక్కుమంటే వినబడుతుంది. వినబడుతున్నది ఒక్క పాటే, అదీ పైనుంచి.

"లొల్లి చేస్తున్నది ఎవరు?" అన్నాడు ఎస్సై.

ముందు వరసలో ఉన్న బుచ్చమ్మ మాట్లాడకుండా పైకి వేలు చూపించింది. తర్వాత ఉండబట్టలేక, "గప్పటి సంది ఉరికిండ్రు గని సారూ, ఒక్కడన్న మైకు పట్టి ఒక్క ముక్క మాట్లాడలే. ఇగ ఆయనొక్కడే జర నయం" అంది.

అట్లా ఆ మైదానంలో శాంతిభద్రతలకు భంగం కలిగించినందుకు పోలీసులు జీపెక్కించింది ఒక్కరినే. పాస్‌పోర్టు చూపించాలి కాబట్టి కృపానందం కూడా ఎక్కాడు. దారిపొడుగునా ఆయన ఒక్కటే అనుకున్నాడు. ఉద్యోగం పోయింది, మరియమ్మకు ఎలా చెప్పాలి? చెమట కూడా పట్టలేదు. చెమట పట్టే దశ దాటిపోయింది.

స్టేషన్లో బెంచీ మీద, కానిస్టేబుల్ ఇచ్చిన దుప్పటి కప్పుకుని కూర్చున్నాక క్లిఫర్డ్‌కి మెల్లగా మత్తు దిగినట్టయింది. తాగింది టీ ఒక్కటే అయినా మనిషి అలాగే ఉన్నాడు.

"ఇతను ఎప్పుడూ గిట్లనే చేస్తడా?" అని ఎస్సై అడిగాడు.

కృపానందం ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి అడిగాడు. క్లిఫర్డ్ తల వంచుకున్నాడు. ఐదేళ్ళ కిందట తమ ఊరి జట్టు వెంట పరాయి ఊరు వెళ్ళి, రైల్లో రెండు సీట్లు ఊడబీకి, అక్కడి గోల్ పోస్టు ఎక్కాడట. కోర్టు వాళ్ళు ఐదేళ్ళపాటు ఏ స్టేడియంలోనూ అడుగు పెట్టవద్దన్నారట. గడువు ఇంకా కొన్ని నెలలు మిగిలే ఉందట.

"ఆ గొడవలంటే... మీరేనా అండీ?" అన్నాడు కృపానందం.

"నేనూ, మా బావమరిదీ" అన్నాడు క్లిఫర్డ్. తర్వాత కృపానందం చెయ్యి పట్టుకున్నాడు. "ఈ సంగతి మా కంపెనీకి తెలిస్తే నా ఉద్యోగం ఉండదు. దయచేసి ఎవరికీ చెప్పకండి."

ఉద్యోగం ఉండదేమోనన్న భయం ఎలా ఉంటుందో కృపానందానికి తెలిసినంతగా ఆ రోజు హైదరాబాదులో ఎవరికీ తెలియదు. ఆయనకు నిజంగానే ఆ మనిషి మీద జాలేసింది. పూచీ తనదని ఎస్సైకి చెప్పాడు. ఎన్నికల వేళ విదేశీయుడి కేసు నెత్తిన పెట్టుకోవడం నరేందర్‌కూ ఇష్టం లేదు. "మల్ల గోల్ పోస్టు కనబడితే ఇతన్ని పట్టుకోని ఉండుండ్రి" అని చెప్పి, తన జీపులోనే మైదానానికి పంపాడు.

అక్కడ ఎండీ యజ్ఞనారాయణ గారు బహుమతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో కృపానందం ఎన్నడూ చూడని భక్తి ఉంది.

"కృపానందం గారూ, అన్‌బిలీవబుల్! నేనొచ్చి గంటైంది. ఒక్కరు కదిలితే ఒట్టు. పులిహోర పొట్లాలు వచ్చాయి, లేవండి అంటే కూడా లేవలేదు. ఇంత డిసిప్లిన్ మన ప్రోగ్రామర్లలో కూడా లేదండీ! ఆ పోలీసు జీపేమిటి? ఎస్కార్ట్ కూడా పెట్టించారా?" అని, క్లిఫర్డ్ వైపు తిరిగి, "మా సపోర్టర్స్ ఎలా ఉన్నారు?" అని అడిగారు.

క్లిఫర్డ్ కాలిన కోటు అంచును చేత్తో కప్పుకున్నాడు. కృపానందం కళ్ళలోకి చూశాడు. "ఇంత మర్యాదగల అభిమానుల్ని నేను మా దేశంలో చూడలేదు. ఈయన ఉన్న కంపెనీతోనే పనిచేస్తాను" అన్నాడు. యాదయ్య ఏదో చెప్పబోయాడు గానీ, ముద్దు సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని తోచి ఆగిపోయాడు.

అక్కడికక్కడే యజ్ఞనారాయణ గారు కృపానందం చెయ్యి కుదిపి, "పర్మనెంట్!" అన్నారు. కృపానందం మైదానం మధ్యలో ఇంకా కూర్చునే ఉన్న జనం వైపు తిరిగాడు. రామన్నను చూసి తలూపి, "లేవండయ్యా, తినండి. రేపు సాయంత్రం మా ఇంటికి కూడా రండి" అని మాత్రం అనగలిగాడు. చెప్పవలసింది ఇంకొకటి ఉందని అనిపించింది గానీ, ఆ సంతోషంలో గుర్తుకు రాలేదు.

ఆదివారం సాయంత్రం షామియానా కింద పాటలయ్యాయి, వాక్యం అయింది. ముందు వరసలో సంఘస్థులు, మధ్యలో కొత్త కోటు వేసుకుని క్లిఫర్డ్. వెనక లారీడు మంది. నలుగురైదుగురిని తెస్తాడనుకుంటే రామన్న అందరినీ తెచ్చాడు. ఈసారి మైకు ఉన్నందుకు బుచ్చమ్మ చాలా సంతోషించింది.

"ఇప్పుడు సహోదరుడు కృపానందం గారు సాక్ష్యం చెబుతారు" అన్నారు పాస్టరు గారు, తెల్లంగీ సర్దుకుని పక్కకు జరుగుతూ.

కృపానందం మైకు అందుకున్నాడు. ముందు వరసలో మరియమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. ఆమెను చూశాడు. ఈవిడకి సగమే చెప్పాను, ఇప్పుడు మొత్తం చెప్పేస్తాననుకున్నాడు. "మొన్న మీకందరికీ కబురు చేసేనాటికి నా ఉద్యోగం ఖాయం కాలేదండి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దేవుడు..." అన్నాడు. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి జారాయి. మరియమ్మ కోప్పడలేదు. కళ్ళు తుడుచుకోమని సైగ చేసింది. పొద్దున ఆమె ఇస్త్రీ చేసి పెట్టిన కొత్త రుమాలు జేబులోనే ఉంది.

వెనక వరసలో రామన్న లేచి నిలబడ్డాడు. కృపానందం కుడి చేతిలో మైకు ఉంది.